కోరంగి మడలో ఆకుపచ్చ సీ స్లగ్: "ఆంధ్ర తీరంలో మొదటిసారి" అని రాయాలంటే ఏం కావాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. కాకినాడలో డిగ్రీ చదువుతున్న ఒక విద్యార్థిని, ఆమె స్నేహితులు చొల్లంగి వైపు ఒక మడ కాలువ ఒడ్డున, నీళ్ళు తీసిన వేళ, బురద మీద ఆకుపచ్చటి చిన్న సీ స్లగ్‌లు, అంటే గుల్ల లేని సముద్రపు నత్తల్లాంటివి, చూశారు. రెండు సెంటీమీటర్లకు మించి లేవు. ఫోన్‌తో ఫొటోలు తీశారు. ఒకదాన్ని సర్జికల్ స్పిరిట్‌లో వేస్తే మర్నాటికి తెల్లబడి ముడుచుకుపోయింది. నెట్‌లో వెతికితే ఎలీసియా (సీ స్లగ్‌లలో చాలా జాతులున్న ఒక ప్రజాతి) అనిపించింది, ఆంధ్ర నుంచి ఎవరూ నమోదు చేసినట్టు కనబడలేదు. దీన్ని ఫస్ట్ రికార్డ్‌గా పేపర్ రాయొచ్చా అని అడుగుతున్నారు.

రాయొచ్చు. కానీ ఇప్పుడు మీ చేతిలో ఉన్నవాటితో కుదరదు. ఏమేం కావాలో, ఎందుకు కావాలో చెప్తాను. మీరు చూసింది చిన్న విషయం కాదు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

మన దేశంలో సీ స్లగ్‌ల మీద పని చేసినవాళ్ళు ఎక్కువగా పగడపు దిబ్బలు, రాతి తీరాలు ఉన్నచోటికే వెళ్ళారు. లక్షద్వీప్, అండమాన్, మన్నార్ సింధుశాఖ, గుజరాత్ తీరం, మన దగ్గరైతే విశాఖ రాళ్ళు. నీళ్ళు తేటగా ఉంటాయి, జంతువులు రంగురంగులుగా ఉంటాయి, వెతకడం సులువు. గోదావరి డెల్టా అలా కాదు. మోకాలి లోతు బురద, చెయ్యి పెడితే కనపడనంత మడ్డి నీళ్ళు. అందుకని ఇక్కడ వెతికినవాళ్ళు తక్కువ. మీకు పాత రికార్డు దొరక్కపోవడానికి ఆ జంతువు ఇక్కడ లేకపోవడం కారణం కానక్కర్లేదు. ఎవరూ చూడకపోయి ఉండొచ్చు. పేపర్ రాసేటప్పుడు ఈ సంగతి ప్రతి వాక్యంలోనూ గుర్తుండాలి.

ముందు ఆ స్పిరిట్ సీసా సంగతి. పారేయకండి. రంగు పోయింది, ఆకారం చెడింది, కానీ డీఎన్‌ఏ పూర్తిగా పోయి ఉండకపోవచ్చు. 95 శాతం ఇథనాల్‌లోకి మార్చండి, ఒకరోజు ఆగి ఆ ఇథనాల్ తీసేసి కొత్తది పోయండి, ఫ్రిజ్‌లో పెట్టండి. ఇథనాల్ బయట కొనడం కష్టం, ఎక్సైజ్ అనుమతులుంటాయి. కాలేజీ ల్యాబ్ ద్వారా అడగండి. సీసా లోపలే పెన్సిల్‌తో రాసిన చీటీ వెయ్యండి: తేదీ, చోటు, ఎవరు తీశారు. పెన్ను సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది. సీసా పైన అతికించిన లేబుల్ ఊడిపోతుంది.

ఇంకో విషయం వెంటనే తేల్చుకోవాలి. మీరు నిలబడ్డ చోటు కోరంగి అభయారణ్యం లోపలా, బయటా? కోరంగిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు, విస్తీర్ణం దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. చెక్క వంతెన మీద నడిచి చూసే భాగం కూడా అందులోదే. లోపల చీమనైనా తీసుకోవాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. సీ స్లగ్ ఆ చట్టంలోని ఏ షెడ్యూల్‌లోనూ, అంటే రక్షిత జీవుల జాబితాలో, లేదు కదా అనుకోవద్దు. అభయారణ్యంలో షెడ్యూల్‌తో పని లేదు. మీరు తీసింది లోపలైతే మీ లెక్చరర్‌కు చెప్పి, కాలేజీ తరఫున అటవీశాఖకు జరిగింది జరిగినట్టు రాయించండి. ఇకపై సేకరణకు అనుమతి అడగండి. మంచి పత్రికలు అనుమతి నంబరు అడుగుతాయి. అది లేకపోతే ఎంత గొప్ప ఫొటో ఉన్నా పేపర్ అక్కడే ఆగిపోతుంది. దీని గురించి టెన్షన్ పడొద్దు. చదువుకునే పిల్లలు నిజాయితీగా వచ్చి అడిగితే విని సాయం చేసేవాళ్ళు ఆ శాఖలో ఉన్నారు.

ఇప్పుడు అసలు జంతువు.

ఎలీసియా అని మీరు అనుకోవడం సబబుగానే ఉంది. ఫొటోలో ఒంటికి రెండువైపులా రెక్కల్లాంటి మడతలు కనిపిస్తున్నాయి. వాటిని పారపోడియా అంటారు. మూసుకున్నప్పుడు వీపు మీద కలుసుకుంటాయి, తెరిచినప్పుడు జంతువు మొత్తం ఆకులా పరుచుకుంటుంది. తల మీద చుట్టిన కాగితంలా రెండు కొమ్ములున్నాయి, అవి రైనోఫోర్లు. ఆకుపచ్చ రంగు దాని సొంతం కాదు. ఈ గుంపు జంతువులు నాచు కణాన్ని ఒకే ఒక్క పంటితో గుచ్చి, లోపలి రసం పీల్చి, అందులోని పత్రహరిత కణికల్ని జీర్ణం చేసుకోకుండా తమ ఒంట్లో దాచుకుంటాయి. కొన్ని జాతుల్లో అవి వారాలు, నెలలు కూడా పనిచేస్తాయి. అందుకే నీళ్ళు తీశాక బురద మీద రెక్కలు విప్పుకుని ఎండలో పడుకుంటాయి.

దీనివల్ల మీ పనిలో ఒక చిక్కు వస్తుంది. తిండి మారితే రంగు మారుతుంది. కొన్నాళ్ళు పస్తుంటే పచ్చదనం పోయి పసుపు తిరుగుతుంది. కాబట్టి "ఆకుపచ్చగా ఉంది, నెట్‌లో ఫొటో కూడా ఆకుపచ్చగా ఉంది" అన్నది గుర్తింపు కిందికి రాదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. రెక్కలు విప్పినప్పుడు వీపు మధ్యలో, తల వెనకాల, చిన్న బుడిపె ఉంటుంది, గుండె ఉండే చోటు అది. ఆ బుడిపె పొడవెంత? అక్కణ్ణించి రెక్కల్లోకి నరాల్లాంటి నాళాలు ఎన్ని బయల్దేరాయి, ఎక్కడ చీలాయి, పక్కవాటితో కలిశాయా? రెక్క అంచున వేరే రంగు గీత ఉందా, ఒకటా రెండా? అంచు నునుపా, అలలుగా ఉందా? ఎలీసియాలో జాతిని జాతి నుంచి విడదీసేవి ఇవీ, లోపలి పన్ను ఆకారం, పురుషాంగం ఆకారం.

మడ బురదలో బతికే ఎలీసియాలు ఒకటి కాదు. ఎలీసియా ల్యూకోలెగ్నోట్‌ను 1990లో హాంకాంగ్ మడల నుంచి వర్ణించారు. ఎలీసియా బాంగ్‌టావాయెన్సిస్ దక్షిణ థాయ్‌లాండ్ నుంచి వచ్చింది. ఈ రెండింటి మూల వర్ణనలు, అంటే వాటికి మొదట పేరు పెట్టిన పేపర్లు, సంపాదించి, మీ జంతువు పక్కన పెట్టుకుని, ఒక్కో లక్షణానికీ అవును కాదు అని రాయండి. మీ ఫొటోల్లో రెక్కలు మూసి ఉన్నాయి కాబట్టి నేను పేరు చెప్పను. చెప్పినా మీరు ఒప్పుకోకూడదు.

ఫొటోలు మళ్ళీ తీయాలి. జంతువును అదే కాలువ నీళ్ళతో ఒక లోతు తక్కువ తెల్ల గిన్నెలో పెట్టండి, నల్లదానిలో కూడా పెట్టి తీయండి. నీళ్ళలో మునిగి ఉండాలి. బయట తీస్తే తడి మెరుపు వల్ల నాళాలు కనపడవు. కదలకుండా కాసేపు వదిలేస్తే తనే రెక్కలు విప్పుతుంది. అప్పుడు పైనుంచి, పక్కనుంచి తీయండి. తల దగ్గరగా ఒకటి. గాజు పలక మీద పాకనిచ్చి కిందినుంచి పాదం ఒకటి. పక్కన స్కేలు పెట్టండి. పొడవు కొలిచేది పాకుతున్నప్పుడే, ఎందుకంటే చచ్చాక సగానికి ముడుచుకుంటుంది. గుడ్ల చుట్ట కనిపిస్తే అస్సలు వదలొద్దు. దాని ఆకారం, లోపలి గుడ్ల అమరిక పనికొస్తాయి, పైగా అది ఇక్కడ సంతానం కంటోందనడానికి సాక్ష్యం. ఏ నాచు మీద ఉందో ఆ నాచు కూడా కొంచెం తీసుకోండి. మీ కాలేజీ బోటనీవాళ్ళకు చూపించండి, వాళ్ళ పేరు కూడా పేపర్‌లో ఉంటుంది.

నమూనాను నేరుగా స్పిరిట్‌లో వేస్తే ఏమవుతుందో మీరే చూశారు. ముందు మత్తు ఇవ్వాలి. మెగ్నీషియం క్లోరైడ్ లీటరు మంచినీళ్ళకు 73 గ్రాములు, అంటే ఆరు నీటి అణువులతో దొరికే మామూలు రకం, కలిపితే సముద్రపు నీటికి సరిపడే గాఢత వస్తుంది. కాలువ నీళ్ళు అంత ఉప్పగా ఉండవు కాబట్టి ఆ మేరకు పల్చన చేయండి. లేకపోతే జంతువు ముడుచుకుంటుంది. జంతువున్న గిన్నెలో దీన్ని కొద్దికొద్దిగా కలుపుతూ పోతే రెక్కలు విప్పుకుని అలాగే నిద్రపోతుంది. రైనోఫోర్‌ను సూదితో తాకి చూడండి, లోపలికి లాక్కోకపోతే సిద్ధమైనట్టు. అప్పుడు తోక చివర చిన్న ముక్క కోసి 95 శాతం ఇథనాల్‌లో వెయ్యండి, డీఎన్‌ఏకి. మిగతా ఒంటిని ఇంకో సీసాలో భద్రపరచండి. ఫార్మలిన్ వాడితే శరీర నిర్మాణం బాగా నిలుస్తుంది కానీ డీఎన్‌ఏ చెడుతుంది. అందుకే ముక్క ముందు కోయాలి. రెండు మూడు జంతువులు చాలు. ఆ ఒడ్డున ఉన్నవన్నీ ఏరుకు రావద్దు.

అక్కడ రాసుకోవాల్సినవి: జీపీఎస్, తేదీ, టైము, పోటా పాటా (నీళ్ళు ఎక్కుతున్నాయా తీస్తున్నాయా), బురద మెత్తగా ఉందా ఇసక కలిసిందా, చుట్టూ ఏ చెట్లు, తెల్ల మడా నల్ల మడా పొన్నా. నీటి వేడి, సెలినిటీ, అంటే నీటిలో ఉప్పు ఎంతో. సెలినిటీ కొలవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. వెనామీ రొయ్యల చెరువులున్న ఎవరినడిగినా రిఫ్రాక్టోమీటర్ ఇస్తారు, రెండు చుక్కల నీళ్ళు వేసి చూడటమే. పోటు పాటు టైములు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తుంది. అయితే ఆ టైము రేవుది. కాలువ లోపలికి వెళ్ళేకొద్దీ ఆలస్యమవుతుంది. ఎంత ఆలస్యమో అక్కడ పీతలు పట్టేవాళ్ళకు తెలుసు. వాళ్ళనే వెంట తీసుకెళ్ళండి. ఆ బురదలో ఎక్కడ కాలు దిగబడుతుందో, నీళ్ళు ఎటునుంచి కమ్ముకొస్తాయో వాళ్ళు చెప్పగలరు. ఒంటరిగా వెళ్ళకండి.

చోటు పేరు విషయంలో డెల్టాలో ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. యానాం పుదుచ్చేరిది. గౌతమి ఒడ్డున కొంచెం అటుగా తీస్తే అది ఆంధ్ర రికార్డు కాదు. పాత కాగితాల్లో తూర్పు గోదావరి జిల్లా అని ఉన్నది 2022 ఏప్రిల్ తర్వాత కాకినాడ, కోనసీమ, తూర్పు గోదావరి జిల్లాల్లో ఏదైనా కావచ్చు. అందుకే జిల్లా పేరు మీద ఆధారపడకుండా అక్షాంశ రేఖాంశాలు ఇవ్వండి.

ఇక "మొదటిసారి" అన్న మాట. అసలు శ్రమ ఇక్కడే ఉంది, చాలామంది ఒక పూట గూగుల్‌లో వెతికి తేల్చేస్తున్నదీ ఇక్కడే.

మన తీరంలో సీ స్లగ్‌ల చరిత్ర నిన్న మొన్నటిది కాదు. కంపెనీ ప్రభుత్వంలో ఉత్తర సర్కారులకు కమిషనర్‌గా ఉన్న వాల్టర్ ఇలియట్ విశాఖ, వాల్తేరు తీరంలో సేకరించిన సీ స్లగ్‌లను, వాటి బొమ్మలను ఇంగ్లండ్ పంపితే, ఆల్డర్, హాన్‌కాక్ అనే ఇద్దరు వాటిని పరిశీలించి 1864లో లండన్ జువలాజికల్ సొసైటీ ట్రాన్సాక్షన్స్‌లో ప్రచురించారు. కళింగ ఆర్నేటా అన్న అందమైన జంతువు పేరు అందులోదే. ఇప్పటికీ మన ట్రాల్ బోట్లలో రొయ్యలతో పాటు పడుతుంది, నక్షత్ర చేపల్లాంటి పెళుసు నక్షత్రాలను (బ్రిటిల్ స్టార్స్) తింటుంది. ఆంధ్ర తీరం నుంచి సీ స్లగ్ మొదటి రికార్డు అని రాసే ఎవరైనా ఆ పేపర్ చదవకుండా రాయడం తప్పు. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ సైట్‌లో అలాంటి పాత సంపుటాలు ఉచితంగా చదువుకోవచ్చు.

చదివేటప్పుడు పాత పేర్లతో వెతకాలి. ఉదాహరణకు అదే పేపర్లో మెలిబే ఫింబ్రియేటా అని ఉన్నదాన్ని ఇప్పుడు మెలిబే విరిడిస్ అంటున్నారు. కొత్త పేరుతో మాత్రమే వెతికినవాళ్ళకు నూట అరవై ఏళ్ళ నాటి రికార్డు కనపడదు. వరల్డ్ రిజిస్టర్ ఆఫ్ మెరైన్ స్పీసీస్‌లో మీ జాతి పేరు కొడితే దాని పాత పేర్లన్నీ వస్తాయి. ఆ ఒక్కో పేరుతో మళ్ళీ వెతకండి. ఊళ్ళ పేర్లు కూడా అంతే. కాకినాడను కోకనాడ అని రెండు మూడు స్పెల్లింగులతో రాశారు, మచిలీపట్నం మసులిపటం, రాష్ట్రం మద్రాస్ ప్రెసిడెన్సీ. జువలాజికల్ సర్వే వాళ్ళ జాబితాలు, ఆంధ్రా యూనివర్సిటీ జువాలజీ విభాగంలో గౌతమి మొగ మీద వచ్చిన థీసిస్‌లు చూడాలి. పాత థీసిస్‌లు చాలావరకు నెట్‌లో ఉండవు. లైబ్రరీకి వెళ్ళి అట్టలు తిప్పాల్సిందే. బురదలోని జీవుల మీద పనిచేసినవాళ్ళు పట్టికలో ఏ జాతో తేల్చకుండా ఉత్త "ఎలీసియా" అని ఒక్క వరుస రాసి వదిలేసి ఉండొచ్చు. అలాంటిది దొరికితే మీ పేపర్‌కు నష్టం లేదు, బలం వస్తుంది. జనం జీవుల ఫొటోలు పెట్టే ఐనేచురలిస్ట్ సైట్‌లో తీరం పొడుగునా ఎవరైనా ఫొటో పెట్టారేమో కూడా చూడండి.

ఇవన్నీ అయ్యాక కూడా "ఆంధ్ర తీరంలో మొదటిసారి కనిపించింది" అనకండి. "ఆంధ్ర తీరం నుంచి ప్రచురితమైన మొదటి రికార్డు" అనండి. తూర్పు తీరం, భారతదేశం అంటూ పరిధి పెంచుకుంటూ పోతే గొప్పగా ఉంటుంది, కానీ ప్రతి మెట్టుకూ వెతకాల్సింది రెట్టింపవుతుంది. సుందర్బన్స్ మడల్లో, ఒడిశా, తమిళనాడు ఉప్పుకయ్యల్లో పనిచేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. మీరు ఎంత చూశారో అంతే రాయండి.

కొత్త రికార్డుకూ కొత్త జాతికీ తేడా కూడా మీ స్నేహితులకు చెప్పండి, వాట్సాప్‌లో అప్పుడే "కొత్త జీవి కనుగొన్న విద్యార్థులు" అని తిరుగుతోందని రాశారు కదా. శాస్త్రానికే కొత్తదైతే పేరు పెట్టాలి, హోలోటైప్, అంటే ఆ పేరుకు ఆధారంగా నిలిచే ఒక్క నమూనా, నిర్ణయించాలి. అది వేరే స్థాయి పని. మీది, నిజమని తేలితే, ఇదివరకే పేరున్న జంతువు ఇక్కడా ఉందని చూపించడం. దీనికి కావాల్సింది ఓచర్, అంటే రేపు ఎవరికైనా అనుమానం వస్తే తీసి చూసుకోగల నమూనా. దాన్ని మీ కాలేజీ అలమరలో పెట్టి నంబరు ఇస్తే సరిపోదు. లెక్చరర్ బదిలీ అయితే ఆ సీసా ఏమవుతుందో మీకూ తెలుసు. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దేశంలో అధికారిక భాండాగారం. వాళ్ళ సముద్ర జీవుల కేంద్రం చెన్నైలో ఉంది. వాళ్ళకు రాసి, నమూనా అప్పగించి, రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోండి. పేపర్‌లో ఆ నంబరు ఉండాలి. విదేశీ నిపుణులకు ఫొటోలు పంపొచ్చు. నమూనా గానీ కణజాలం గానీ పంపకండి, 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద దానికి ముందుగా అనుమతి తీసుకోవాలి.

డీఎన్‌ఏ చేయించగలిగితే చేయించండి. జంతువుల జాతులు పోల్చడానికి వాడే సీఓఐ జన్యువులో 658 అక్షరాల ముక్క చాలు మొదటి మెట్టుకు. అయితే డీఎన్‌ఏ సీక్వెన్స్‌లు దాచే జెన్‌బ్యాంక్‌లో 98 శాతం కలిసింది కాబట్టి అదే జాతి అని తేల్చేయకండి. అక్కడ పెట్టినవాళ్ళు తప్పు పేరుతో పెట్టి ఉండొచ్చు. ఆ సీక్వెన్స్ ఎవరిది, ఎక్కడిది, దానికి ఓచర్ ఉందా అని చూడండి. మూలవర్ణన వచ్చిన ప్రాంతం నుంచి వచ్చిన సీక్వెన్స్‌తో పోలిస్తే ఎక్కువ నమ్మకం.

ఎలా వచ్చిందన్న ప్రశ్న రివ్యూ చేసేవాళ్ళు తప్పకుండా అడుగుతారు. కాకినాడ రేవుకు ఓడలొస్తాయి కాబట్టి బల్లాస్ట్ నీళ్ళలో (ఓడ బరువు సరిచూసుకోవడానికి అడుగున నింపుకునే నీళ్ళు) వచ్చిందని రాసేయాలని అనిపిస్తుంది. రుజువు లేకుండా రాయొద్దు. సీ స్లగ్‌లలో చాలావాటి పిల్లలు కొన్నాళ్ళు నీళ్ళలో తేలుతూ బతుకుతాయి. మన తీరం వెంట ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. అంటే సుందర్బన్స్ వైపు నుంచి ఇటు రావడానికీ, ఇటునుంచి అటు పోవడానికీ ఏటా దారి ఉంది. లేదా ఎప్పటినుంచో ఇక్కడే ఉంది. ఈ అవకాశాలు చెప్పి ఆగిపోండి.

దీనికన్నా విలువైనది మీరు మాత్రమే చేయగలిగింది ఒకటుంది, ఎందుకంటే మీరు కాకినాడలో ఉంటారు. వేసవిలో ధవళేశ్వరం బ్యారేజీ కిందికి నీళ్ళు అంతగా రావు. పోటు ఉప్పునీళ్ళను పాయల్లోకి పైకి తోస్తుంది. జులై, ఆగస్టుల్లో వరద దిగితే అవే కాలువల్లో దాదాపు మంచినీళ్ళు పారతాయి. అంత మార్పును ఒంటి మీద గుల్ల కూడా లేని ఈ జంతువు తట్టుకుంటోందా? వరదకు చచ్చిపోయి, మళ్ళీ సముద్రం వైపు నుంచి కొత్త పిల్లలు వచ్చి స్థిరపడుతున్నాయా? ఒక్క రోజు ఫొటోతో ఇది తెలియదు. అదే ఒడ్డున, ఒకే పొడవు గల పట్టీని గుర్తు పెట్టుకుని, ప్రతి అమావాస్యకో పౌర్ణమికో పెద్ద పాటు వేళ వెళ్ళి, ఎన్ని ఉన్నాయి, ఎంతెంత పొడవున్నాయి, సెలినిటీ ఎంత అని రాసుకోండి. గుడ్లు ఏ నెలల్లో కనిపించాయో రాసుకోండి. ఏమీ కనపడని రోజు సున్నా అని రాయండి, ఖాళీ వదలకండి. ఇలాంటి ఏడాది లెక్క ఉన్న పేపర్‌ను ఫస్ట్ రికార్డ్ అన్న మాట లేకపోయినా చదువుతారు.

ట్రాల్ బోట్లలో పడే స్లగ్‌లను ఇదే పేపర్‌లో కలపొద్దు. హార్బర్‌లో చూసి తీసుకుంటే అవి ఎక్కడ పడ్డాయో సరంగును అప్పటికప్పుడు అడిగితే తప్ప తెలియదు. హోప్ ఐలాండ్ ఇసుక మీదికి గాలికి కొట్టుకొచ్చే గ్లాకస్ అనే నీలిరంగు సీ స్లగ్‌ల సంగతీ అంతే. అవి నడిసంద్రంలో తేలేవి, మన తీరపు నివాసులు కావు. అవి విషపు జెల్లీలను తిని ఆ ముళ్ళను తమ ఒంట్లో దాచుకుంటాయి కాబట్టి కనిపిస్తే ఉత్త చేత్తో ముట్టుకోవద్దు.

ముందుగా చేయాల్సింది అటవీశాఖకు ఉత్తరం. అందులో ఎన్ని జంతువులు తీస్తారు, ఏ కాలువ, ఏ నెలలు, నమూనా ఎక్కడ అప్పగిస్తారు అన్న నాలుగూ స్పష్టంగా ఉండాలి. లెక్చరర్ సంతకం, ప్రిన్సిపాల్ ముద్ర పెట్టించండి. అది వచ్చేలోగా తీయకుండా చూసి, ఫొటోలు తీసుకుని రావడానికి మామూలు ప్రవేశ టికెట్టు సరిపోయే భాగాలున్నాయి. రెక్కలు విప్పిన ఫొటో దొరికితే ఇక్కడే పెట్టండి, నాళాలు లెక్కపెట్టి నా అభిప్రాయం రాస్తాను.